“రెండే” అంటే సరిగ్గా రెండా, రెండు దాటకూడదనా?

మొన్న ఆదివారం మారతహళ్ళిలో అన్నయ్యవాళ్ళింట్లో భోజనాలయ్యాక పేక తీశాం. రమ్మీ కాదు, ఒమాహా పోకర్. డబ్బుల్లేవు, చింతపిక్కలే పందెం. ఆట నేర్పింది నేను. “తలా నాలుగు ముక్కలు. బల్ల మీద అందరికీ కలిపి అయిదు తెరుస్తాం: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. చేతిలోవి రెండే వాడాలి” అని చెప్పాను. ఆ చివరి మాట దగ్గరే పేచీ వచ్చింది.

బల్ల మీద ఆఠీన్లు నాలుగు పడ్డాయి: ఆసు, తొమ్మిది, ఆరు, రెండు. అయిదోది ఇస్పేటు రాజు. బావ చేతిలో ఆఠీను రాజు, కళావరు రాణి, డైమన్ జాకీ, ఇస్పేటు ఏడు. “నాలుగూ ఒకటీ అయిదు ఆఠీన్లు, ఫ్లష్!” (అయిదు ముక్కలూ ఒకే రకమైతే ఫ్లష్) అని పిక్కలన్నీ దగ్గరికి లాక్కున్నాడు. చెల్లదన్నాను. “రెండే అన్నావు కదరా, రెండు దాటకూడదనేగా? నేను ఒక్కటే వాడాను” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఒమాహాలో చేతిలోంచి రెండు, బల్ల మీంచి మూడు. ఒకటి తగ్గినా చెల్లదు. ఆ లెక్కన బావకు దక్కింది రాజుల జోడీ. చేతిలోని రెండు తొమ్మిదులకు బల్ల మీది తొమ్మిది కలుపుకున్న వదినే గెలిచింది.

అప్పట్నుంచి ఆ “ఏ” గురించే ఆలోచిస్తున్నా. డాక్టరు “రోజుకు రెండు కాఫీలే తాగండి” అంటే ఒకటి తాగినవాడు మాట తప్పినట్టు కాదు. “రోజుకు రెండు మాత్రలు వేసుకోండి” అంటే మాత్రం ఒకటి వేసుకుంటే తప్పే. గట్టిగా చెప్పాలని “ఏ” తగిలించాను, దాంతో పై గట్టు గట్టిపడింది, కింది గట్టు తెగిపోయింది. మీ ఇళ్ళల్లో ఎలా చెప్తారు?

▪ “రెండంటే రెండే” అనండి. మా అనంతపురంలో అలా అంటే ఇక బేరం లేనట్టే.

▪ అదీ ఎక్కువ అడిగేవాళ్ళ నోరు మూయించే మాటే కదండీ. పిల్లాడు మూడో లడ్డూ అడిగినప్పుడు “రెండంటే రెండే” అంటాం, ఒకటి తిని లేచినప్పుడు అనం. “సరిగ్గా రెండు” నయం.

▪ ఇదే ఆటలో నాలుగు ఆసులూ చేతిలో పడ్డవాడి సంగతి చూడండి. పొంగిపోతాడు, తీరా వాడగలిగేవి రెండు. బల్ల మీదికి ఇంకో ఆసు రావడానికి పేకలో మిగల్లేదు. అక్కడ మీ “రెండే” అచ్చంగా సరిపోతుంది!

▪ కొంచెం పక్కదారి. బెంగళూరులో పేక మొత్తాన్నీ ఇస్పీటు అంటారు, ముక్కను ఎలె, అంటే ఆకు. మనకు ఇస్పేటు నాలుగు రకాల్లో ఒకటి. మా ఓనరుగారు “ఇస్పీటు ఆడదామా” అంటే ఆ ఒక్క రకంతో ఆటేమిటా అనుకున్నాను.

▪ (మొదట అడిగినవాణ్ణే) అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మళ్ళీ ఆడాం. ఈసారి “ఏ” తీసేసి క్రియ మార్చాను: “చేతిలోంచి రెండు ముక్కలు కింద పెట్టి, బల్ల మీది మూడింటిని వాటి పక్కకి జరపండి.” బావ ఆఠీను ఆసు కింద పెట్టాడు, రెండోదాని కోసం మిగతా మూడూ తిరగేసి చూసుకున్నాడు, ఫ్లష్ మాట ఎత్తకుండా పదుల జోడీ చూపించాడు.