సీతాఫలానికి పూత బోలెడు, పిందె మాత్రం నిలవడం లేదు

ప్రశ్న:
అన్నలకు నమస్తే. మాది మహబూబ్‌నగర్ వైపు. ఎకరంన్నరలో బాలానగర్ సీతాఫలం పెట్టి ఐదేళ్లయింది. చెట్టు నిండా పూతే, కింద చూస్తే రాలిన పూలే. నిరుడు నిలిచిన కాయల్లోనూ చాలావాటికి ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క నొక్కుకుపోయింది. తేనెటీగల పెట్టెలు పెట్టమని ఒకరు, హార్మోన్ మందు కొట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, పెట్టెల మీద డబ్బు పెట్టకు. సీతాఫలం పువ్వు దళసరి రెక్కలతో సగం మూసుకునే ఉంటుంది, తేనెటీగకు అందులో పని లేదు. లోపలికి దూరేవి చిన్న చిన్న పెంకు పురుగులు. పూత మీద పురుగుమందు కొడితే ముందు పోయేవి అవే.

అసలు చిక్కు పువ్వులోనే ఉంది. అది ముందు ఆడ దశలో ఉంటుంది, పుప్పొడి తర్వాత విడుస్తుంది. అప్పటికి దాని కీలాగ్రం, అంటే పుప్పొడి అందుకునే ఆడ భాగం కొస, పని అయిపోతుంది. పైగా రోహిణి ఎండలకు కీలాగ్రం తడి ఆరిపోతుంది. మృగశిర చినుకులు పడి గాలిలో తేమ పెరిగాక వచ్చిన పూత బాగా నిలిచేది అందుకే.

ఇక వంకర కాయ సంగతి. కాయ మీది ఒక్కో బుడిపె ఒక్కో చిన్న అండాశయం. పుప్పొడి అందినది గింజ కట్టి ఉబ్బుతుంది, అందనిది అక్కడే ఆగిపోతుంది. నీ కాయల నొక్కులు చాలావరకు దానివల్లే.

చేత్తో చేసి చూడు. తెల్లవారుజామునే వెళ్లి రెక్కలు బాగా విచ్చుకున్న పూలు కోసి, చిన్న గిన్నెలో దులుపు. పుప్పొడి ఉండే కేసరాలు వదులై వాటంతట అవే రాలితే అది మగ దశ. ఇప్పుడు రెక్కలు కొంచెమే విడిన పువ్వు చూడు. లోపల కీలాగ్రం జిగటగా మెరుస్తుంటే మెత్తని బ్రష్‌ను పుప్పొడిలో అద్ది చుట్టూ తిప్పు. ఒక్క పక్కే రాస్తే మళ్లీ వంకర కాయే. ఎండ ఎక్కేలోపు ముగించు.

ప్రశ్న:
పుప్పొడి అదే చెట్టుది వాడొచ్చా అన్నా? మిగిలింది రేపటికి దాచుకోవచ్చా?

జవాబు:
అదే చెట్టుది పనికొస్తుంది. దాచకు, దాని సత్తువ త్వరగా పోతుంది. ఏ రోజుది ఆ రోజే.

అన్ని పూలకూ చేయకు. లావు కొమ్మల మీద, కాండానికి దగ్గరగా ఉన్నవి ఎంచుకో, కొసన కాసిన కాయ బరువుకు కొమ్మ వంగిపోతుంది. ఈసారికి ఐదు చెట్లకే చేసి, రాసిన ప్రతి పువ్వు కాడకూ ఎర్ర దారం కట్టు. పక్కనే ఐదు చెట్లు ముట్టుకోకుండా వదిలెయ్. వారం పదిరోజుల తర్వాత దారం ఉన్న కాడలు ఎన్ని పచ్చగా ఉన్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయి. కూలికి గిట్టుబాటు అవుతుందో లేదో ఆ లెక్క చూసి మాట్లాడుకుందాం.