అప్‌డేట్: ‘ఓగుల్’ అంటే ఊరికే చూడటమేనా?

ఇంగ్లీషులో ‘ఓగుల్’ అంటే తేరిపార చూడటమేనా, చెల్లి రాస్తున్న కథలో పాప రైలింజన్ని చూసే చోట వాడొచ్చా అని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. డిక్షనరీలు కూడా తిరగేశాను. ముఖ్యంగా అది కామంతో, ఎదుటి మనిషికి ఒళ్లు జలదరించేలా ఎగాదిగా చూడటం. కొత్త కార్లనో కేకులనో ఆశగా చూడటానికీ సరదాగా వాడతారు, నిజమే. అయినా పసిపాపకు ఆ మాట అస్సలు వద్దు!

కోపంగా గుడ్లురిమితే ‘గ్లేర్’, నోరు తెరుచుకుని చూస్తే ‘గేప్’. చెల్లి ‘గేప్ట్ ఎట్ ది ఇంజన్’ అని మార్చింది. ఇక్కడ ‘ఎట్’ తప్పనిసరి. ‘ఓగుల్’కైతే అది లేకపోయినా నడుస్తుంది.