మలక్కా పాత వర్తక వీధులు: టూర్‌లో వెళ్ళాలా, మేమే వెళ్ళాలా?

ప్రశ్న: గోస్తనీ తీరం

అందరికీ నమస్కారం. వచ్చే నెల కౌలాలంపూర్ వస్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. ఒకరోజు మలక్కాకి పెట్టుకున్నాం. టూర్ వాళ్ళ ప్లాన్ ఏమిటంటే మధ్యాహ్నం డచ్ స్క్వేర్‌లో ఫోటోలు, సాయంత్రం జాంకర్ స్ట్రీట్ నైట్ మార్కెట్, రాత్రికి వెనక్కి. నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, ఆయనకి షాపింగ్ అక్కర్లేదు, పాత రేవు ఊరు చూడాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. ఏం చేయమంటారు?

జవాబు: పెటాలింగ్ బాబు

మీరే వెళ్ళండి. కౌలాలంపూర్‌లో (కేఎల్ అంటాం) టీబీఎస్ బస్టాండ్ నుంచి మలక్కా సెంట్రల్‌కి బస్సులు చాలా ఉంటాయి, సుమారు రెండు గంటలు. ఆ బస్టాండ్ పాత ఊరికి దూరం కాబట్టి అక్కడ దిగి గ్రాబ్ (ఊబర్ లాంటి యాప్ ట్యాక్సీ) బుక్ చేసుకోండి. నైట్ మార్కెట్ శుక్ర, శని, ఆదివారాల సాయంత్రాలే. శని, ఆదివారాలు మాత్రం జనం విపరీతం.

జవాబు: చిలకలపూడి వాడు

అన్నా, ఆ టూర్ వద్దు. మాస్టారు చూడాలనుకునేదంతా పొద్దునే చూడాలి, ఆ ప్లాన్‌లో పొద్దున అనేదే లేదు.

నాది బందరు. ఉద్యోగం కేఎల్‌లో. సెలవు దొరికితే మలక్కా పోతాను, అక్కడ మా ఊరి కథలో మిగతా సగం ఉంది కాబట్టి. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే బందరులో వర్తక స్థావరం పెట్టారు. అటుపక్క దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే వెండి ఒక్కటీ చాలేది కాదు, అక్కడివాళ్ళు మన తీరం బట్టలు అడిగేవారు. ఆ బట్టలు చేతులు మారిన పెద్ద రేవుల్లో మలక్కా ఒకటి. 1511లో పోర్చుగీసు వాళ్ళ చేతికి, 1641లో డచ్చి వాళ్ళ చేతికి, 1824 ఒప్పందంతో ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయింది. వాళ్ళందరికంటే ముందు సుల్తానుల కాలంలోనే అక్కడ నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు ఉండేవారు. గుజరాతీలకు ఒకరు, మన తూర్పు తీరం, బెంగాలు, బర్మాలోని పెగూ వాళ్ళకు ఒకరు, జావా వైపు దీవుల వాళ్ళకు ఒకరు, చైనా వాళ్ళకు ఒకరు.

ఇక గాలి సంగతి. మన ఓడలు నైరుతి గాలికి అటు పోయేవి, చైనా ఓడలు ఈశాన్య గాలికి దిగేవి. తిరిగి పోవాలంటే గాలి మళ్ళేదాకా నెలల తరబడి అక్కడే ఉండాలి. అందుకే ఇళ్ళు కట్టుకున్నారు, గుళ్ళు కట్టుకున్నారు, అక్కడి అమ్మాయిల్ని పెళ్ళి చేసుకున్నారు. మలక్కా చెట్టిలు అలా వచ్చినవాళ్ళే. ఇంట్లో మలయ్ మాట్లాడతారు, పూజలు మాత్రం శైవ సంప్రదాయంలో చేస్తారు.

వాళ్ళ గుడి తుకాంగ్ ఎమాస్ వీధిలో ఉంది. పొయ్యాత వినాయగర్ గుడి, 1781 నాటిది, స్థలం డచ్చి ప్రభుత్వం ఇచ్చింది. అక్కడికి కొద్ది అడుగుల్లోనే కంపుంగ్ క్లింగ్ మసీదు. కప్పు మూడంతస్తుల పిరమిడ్‌లా ఉంటుంది, మినారు చూస్తే చైనా పగోడాలా ఉంటుంది. ఇంకాస్త ముందుకి చెంగ్ హూన్ తెంగ్ చైనా గుడి, 17వ శతాబ్దం నుంచి ఉంది. అక్కడ నాన్నగారిని కాసేపు తలెత్తి కప్పు అంచులు చూడమనండి. అక్కడి పూలు, పక్షులు రంగులు వేసినవి కావు. పింగాణీ గిన్నెలు పగలగొట్టి, ముక్కలు కత్తిరించి ఒక్కొక్కటే అతికించినవి. ఒక్కో రేకకి గిన్నె వంపు ఎక్కడ పనికొస్తుందో చూసి మరీ కోశారు. నేనైతే అక్కడి నుంచి కదలలేను.

ఈ మూడూ అయ్యాక హీరెన్ స్ట్రీట్. 8వ నంబరు ఇల్లు బాగుచేసి ఉంచిన డచ్చి కాలపు ఇల్లు. వీధి వైపు ఇరుకు, లోపలికి పోయేకొద్దీ పొడవు, మధ్యలో వెలుతురు కోసం మన మండువా లాంటి ఖాళీ. అక్కడికి వెళ్తే పక్క ఇళ్ళన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

గోస్తనీ తీరం

చాలా థాంక్స్ తమ్ముడూ. నాన్నకి చదివి వినిపించాను, అప్పుడే అట్లాసు తీశారు! టూర్ మానేశాం. అమ్మ అంత నడవగలదా? భోజనం సంగతి?

చిలకలపూడి వాడు

ఆ రెండు గుళ్ళూ, మసీదూ పక్కపక్కనే, నేల చదునుగానే ఉంటుంది, అమ్మగారు మెల్లగా నడిచేయగలరు. వీధి పక్క అరుగులు మాత్రం ఒక్కో ఇంటి ముందు ఒక్కో ఎత్తు, చెయ్యి పట్టుకోండి. సెయింట్ పాల్ కొండకి మెట్లున్నాయి, అమ్మగారు వద్దు. మీరూ నాన్నగారూ ఎక్కండి, పాడుబడ్డ చర్చి గోడలకి ఆనించిన డచ్చి సమాధి రాళ్ళున్నాయి. బందరు డచ్చి శ్మశానం చూసినవాళ్ళకి ఆ చెక్కడం కొత్తగా అనిపించదు. ఆ సమయానికి అమ్మగారిని, వదినగారిని నదిలో పడవ ఎక్కించండి, ముప్పావుగంట కూర్చుని పాత గోదాముల వెనక వైపు చూడొచ్చు.

భోజనానికి నది దాటి లిటిల్ ఇండియాకి వెళ్ళండి, అరటాకు భోజనం దొరుకుతుంది. జాంకర్‌లో అందరూ చెప్పే రైస్ బాల్స్ కోడి రసంలో వండిన అన్నం, అడగకుండా తినొద్దు. చెండోల్ తాగొచ్చు. కొబ్బరిపాలు, తాటిబెల్లం లాంటి గులా మలాకా, ఐసు. అమ్మగారికి ఐసు తక్కువ వేయమనండి.

సోమ, మంగళవారాల్లో మాత్రం పెట్టుకోకండి, మ్యూజియంలో, కొట్లో ఏదో ఒకటి మూసి ఉంటుంది. శుక్రవారమైతే మసీదుకి మధ్యాహ్నం నమాజు టైంలో కాకుండా పొద్దునే వెళ్ళండి. టిక్కెట్లు ఏ వారానికి తీశారో చెప్పండి, నాకు సెలవు కుదిరితే నాన్నగారితో నేనూ నడుస్తాను.