టెక్సస్ చిన్న ఊరి ఈడీసీ: మెయిన్ స్ట్రీట్ దుకాణానికి డబ్బివ్వొచ్చా?

మలక్‌పేట్07: అన్నలూ, పొద్దుటి నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, తల పగిలిపోతోంది. క్లయింట్ టెక్సస్‌లో ఒక ఊరి ఈడీసీ, అంటే అమ్మకపు పన్నుతో నడిచే ఆర్థికాభివృద్ధి కార్పొరేషన్. మెయిన్ స్ట్రీట్‌లో పాత బట్టల షాపు ముందుభాగం, పైకప్పు బాగుచేయడానికి ఓనర్‌కి 40,000 డాలర్లు ఇస్తామంటోంది బోర్డు. టెక్సస్ లోకల్ గవర్నమెంట్ కోడ్ 501వ అధ్యాయం తీస్తే 'ప్రైమరీ జాబ్స్' (సరుకు ఎక్కువగా బయటి ప్రాంతాలకు అమ్మి ఊళ్లోకి డబ్బు తెచ్చే ఉద్యోగాలు) ఉండాలంటుంది. బట్టల షాపులో అవెక్కడివి? రేపు సాయంత్రానికి మెమో వెళ్లాలి.

లెడ్జర్: ఈడీసీల్లో రెండు రకాలు, రూల్స్ వేరు. మీది టైప్ ఏనా, బీనా? జనాభా ఎంత?

పట్నం పౌరుడు: ముందు మన సంగతి చూడండి. అక్కడ ఓటర్లు ఒప్పుకుంటే అమ్మకాల మీద అర శాతం దాకా పన్ను ఈడీసీకే పోతుంది. లోకల్ పన్నులన్నీ కలిపి 2 శాతం దాటకూడదు, అంతే. ఇక్కడ జీఎస్టీని కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి, మున్సిపాలిటీ చేతిలో ముఖ్యంగా ఆస్తిపన్నే మిగులుతుంది. జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి పారిశ్రామికవాడల్లో అదీ ఇయాలా (పారిశ్రామికవాడ స్థానిక అథారిటీ) వసూలు చేసుకుని స్థానిక సంస్థకు వాటా ఇస్తుంది. జనగామ, వనపర్తి తమ బజారు తాము బాగుచేసుకోవాలంటే పైసలెక్కడివి?

మలక్‌పేట్07: టైప్ బీ అండీ. జనాభా 20,000 పైనే, అందుకే చిన్న ఊళ్ల సెక్షన్ కింద రాయలేదు.

కోఠి లైబ్రరీ: ఆ లెక్క ఎక్కడిది? టెక్సస్ చట్టాల్లో జనాభా అంటే చివరి పదేళ్ల ఫెడరల్ సెన్సస్, అంటే 2020ది. ఏటా వచ్చే అంచనాలు పనికిరావు. అందులో 20,000 లేదా తక్కువ ఉంటే సెక్షన్ 505.158 మీకోసమే: కొత్త వ్యాపారం రావడానికి, ఉన్నది పెరగడానికి తోడ్పడుతుందని బోర్డు తేలిస్తే చాలు, ప్రైమరీ జాబ్స్ అక్కర్లేదు. 10,000 డాలర్లు దాటింది కాబట్టి సిటీ కౌన్సిల్ తీర్మానం కావాలి, దాన్ని రెండుసార్లు విడివిడిగా చదవాలి. ఒకే మీటింగ్‌లో రెండూ చదివి మమ అనిపించకండి, రెండు మీటింగుల్లో పెట్టడమే క్షేమం. పబ్లిక్ హియరింగ్ తప్పదు. చిన్న ఊళ్లకు మినహాయింపు ఉన్నా అది 501వ అధ్యాయం కింద వచ్చే ప్రాజెక్టులకే. ప్రాజెక్టు గురించి మొదటి నోటీసు పడ్డాక 60 రోజుల్లోపు ఓటర్లలో 10 శాతం మించి సంతకాలు పెట్టి అడిగితే ఎన్నిక పెట్టాలి. ఆ గడువు దాటేదాకా చెక్కు రాయొద్దు.

నల్లకుంట_సీఏ: ఇంత తిరుగుడెందుకు, ఈడీసీ ఆదాయంలో ప్రమోషన్‌కి వాడుకోదగ్గ 10 శాతంలో వేసేయండి.

లెడ్జర్: కుదరదు. అది ఊరికి ప్రచారం చేయడానికి. పైకప్పు ప్రచారం కాదు. ఇంకోటి, మెమోలో 'గ్రాంట్' అని రాయకండి.

నల్లకుంట_సీఏ: గ్రాంట్ అంటే తప్పేంటి? బోర్డులన్నీ అదే అంటాయి.

లెడ్జర్: అంటాయి, అగ్రిమెంట్ లేకుండా ఇచ్చేసి ఇరుక్కుంటాయి. సెక్షన్ 501.158 వాడే మాట 'డైరెక్ట్ ఇన్సెంటివ్', దానికి ముందు వ్యాపారితో అగ్రిమెంట్ తప్పనిసరి. ఎన్ని ఉద్యోగాలు లేదా ఎంత జీతాలు, ఎంత పెట్టుబడి, ఎప్పటికి, తప్పితే డబ్బు ఎలా వాపసు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. కొత్త ఉద్యోగాలే కానక్కర్లేదు, ఉన్నవి నిలిపినా లెక్కే. షాపులో ఇప్పుడున్న ఇద్దరి పేరోల్ చూపించండి.

పట్నం పౌరుడు: అదే నేననేది. మన ప్రోత్సాహకాల్లో వాపసు షరతు ఇంత గట్టిగా రాస్తే జనం సొమ్ముకి జవాబుదారీ ఉంటుంది.

సైనిక్‌పురి: మా క్లయింట్ టైప్ ఏ, 6,000 జనాభా. 505.158 మాకూ వర్తిస్తుందా?

లెడ్జర్: 505వ అధ్యాయం టైప్ బీకే. టైప్ ఏ డబ్బు టైప్ బీ పనికి వాడాలంటే మళ్లీ ఓటర్ల దగ్గరికి వెళ్లాలి.

మలక్‌పేట్07: సెన్సస్‌లో 19 వేల చిల్లర ఉంది. 505.158 కిందే రాస్తున్నా. థాంక్సండీ.

సైనిక్‌పురి: టైప్ బీ పనికి ఓటర్లను అడిగే ఆ ఎన్నిక ఏ నెలలోనైనా పెట్టొచ్చా?