చలికి ఆర్‌ఎక్స్ 100 మిస్సింగ్ కొడుతోంది, మెయిన్ జెట్ పెంచాలా?

సెమిలిగుడ_ఆర్‌ఎక్స్:
అన్నలూ, మాది సెమిలిగుడ. పొద్దున్న ఆరింటికి సునాబెడ డ్యూటీకి బయల్దేరితే చోక్ తీసిన దగ్గర్నుంచి బండి సతాయిస్తోంది. కొంచెం రేజ్ ఇస్తే బొయ్‌మని ఆగిపోతుంది, ఇంజన్ వేడెక్కాక కూడా అంతే, ఎక్కువ రేజ్‌లో మాత్రం బాగానే లాగుతోంది. కార్బరేటర్ మే నెలలో ఇక్కడే ట్యూన్ చేయించాను. ప్లగ్ తెల్లగా ఉంది. చలికాలంలో మెయిన్ జెట్ (కార్బరేటర్‌లో పెట్రోల్ వదిలే చిన్న రంధ్రం ముక్క) రెండు సైజులు పెంచమని నెట్‌లో అంటున్నారు, నిజమేనా? ఆదివారాలు సాలూరు కూడా దిగుతాను, అమ్మ అక్కడే ఉంటుంది. టెన్షన్‌గా ఉంది.

జయపురం_టూస్ట్రోక్:
తమ్ముడూ, మెయిన్ జెట్ జోలికి ఇప్పుడే వెళ్లకు. అది పని చేసేది ముప్పావు రేజ్ దాటాకే. నీకు బాధ కొంచెం రేజ్‌లో, అంటే తక్కువ రేజ్‌కి పెట్రోల్ ఇచ్చే స్లో జెట్, దానికి గాలి సరిచేసే ఎయిర్ స్క్రూ దగ్గర. మే ఎండ 35 డిగ్రీలు, ఇప్పటి తెల్లవారు 5 డిగ్రీలు అనుకుంటే గాలి దాదాపు 10 శాతం చిక్కబడినట్టే. పెట్రోల్ మాత్రం అప్పటి కొలతే, అందుకే లీన్ అయింది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదు, ప్లగ్ తెల్లగా ఉందీ అందుకే. బండి బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూ పావు చుట్టు లోపలికి తిప్పి చూడు, మన కార్బరేటర్‌లో లోపలికి తిప్పితేనే రిచ్, అంటే పెట్రోల్ పాలు ఎక్కువ. పూర్తిగా బిగించాక అర చుట్టు కూడా వదలకుండానే ఐడ్లింగ్ బాగుంటే స్లో జెట్ చాలడం లేదని అర్థం, ఒక సైజు పెంచు. సగం రేజ్‌లో కూడా పట్టి పట్టి లాగుతుంటే నీడిల్ (మధ్య రేజ్‌లో పెట్రోల్ కొలిచే సూది) క్లిప్ ఒక గాడి కిందికి వేయి, నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఒకసారికి ఒకటే మార్చు, అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

సాలూరు_బండి:
పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ నాకు నీ సాలూరు ప్రయాణమే భయంగా ఉంది బాబూ. సెమిలిగుడ దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి పలచన. పొట్టంగి, సుంకి ఘాట్ దిగి పొద్దున్నే కిందికి వచ్చేసరికి చలీ ఉంటుంది, ఎత్తూ పోతుంది, అంటే మే నెలలో పైన పెట్టిన జెట్‌కి అన్నిటికంటే లీన్ అయ్యే చోటు అదే. నాది పోయిన జనవరిలో రామభద్రపురం దగ్గర అలాగే లీన్ అయి, ఇంజన్ మరీ వేడెక్కి పట్టేసింది, రోడ్డు ఖాళీగా ఉందని ఫుల్ రేజ్‌లో పోయాను, పిస్టన్ గీరుకుపోయి బోరింగ్ చేయించాల్సి వచ్చింది. సాలూరు దిగేవాడివి కాబట్టి మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచుకో, రెండు వద్దు, పైన మధ్యాహ్నం ఎండకి బండి బరువుగా లాగి ప్లగ్ నల్లబడుతుంది. ఇంకోటి, ఘాట్‌లో రేజ్ పూర్తిగా మూసి గేర్ మీదే కిలోమీటర్ల కొద్దీ దిగకు, పెట్రోలూ ఆయిలూ రెండూ తక్కువే వెళ్తాయి. మధ్యమధ్యలో క్లచ్ పట్టి కొంచెం రేజ్ ఇస్తూ ఉండు.

సెమిలిగుడ_ఆర్‌ఎక్స్:
చాలా థాంక్స్ అన్నలూ. సాయంత్రం ఎయిర్ స్క్రూ తిప్పి చూశాను, దాదాపు పూర్తిగా బిగిస్తే గానీ ఐడ్లింగ్ నిలబడలేదు, అందుకే స్లో జెట్ ఒక సైజు పెంచాను. ఈ రోజు పొద్దున్న ఒక్కసారి కూడా ఆగలేదు. మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది జయపురంలో దొరికింది, శనివారం వేస్తాను. సాలూరులో బండి ఆపగానే ప్లగ్ తీసి చూసి రంగు చెప్తాను.

జయపురం_టూస్ట్రోక్:
ఇటుక రంగులో ఉంటే అమ్మ దగ్గర హాయిగా కూర్చో. తెల్లగా ఉంటే మాత్రం తిరిగొచ్చేటప్పుడు సగం రేజ్ దాటనివ్వకు.