ఎల్‌పార్ బిగుసుకుపోతే ముందు స్టాండలోన్ డంపా, నేరుగా ఐపీఎలా?

రాత్రిషిఫ్ట్:
అందరికీ నమస్తే. మా దగ్గర ఒక పంచాయితీ నడుస్తోంది, తీర్పు చెప్పండి. కొత్తవాళ్ల కోసం ఒక మాట: ఎల్‌పార్ అంటే మెయిన్‌ఫ్రేమ్‌లో విడి సిస్టమ్‌లా నడిచే ఒక భాగం, స్టాండలోన్ డంప్ అంటే బిగుసుకుపోయిన సిస్టమ్ మెమరీని డిస్కు మీదికి రాసుకోవడం, ఐపీఎల్ అంటే సిస్టమ్‌ని మళ్లీ బూట్ చేయడం.

క్లయింట్ ఒక బ్యాంకు, పేరు వద్దు. రెండు సిస్టమ్‌ల సిస్‌ప్లెక్స్ (డిస్కులు పంచుకుంటూ కలిసి పనిచేసే సిస్టమ్‌ల గుంపు). ఆదివారం రాత్రి బ్యాచ్ మధ్యలో ఒక ప్రొడక్షన్ ఎల్‌పార్ పడకేసింది. ముందు ఐఆర్‌ఏ100ఈ మెసేజ్ వచ్చింది, ఎస్‌క్యూఏ (సిస్టమ్ అంతా ఉమ్మడిగా వాడే మెమరీలో ఒక భాగం) తగ్గిపోతోందని. కాసేపటికి ఐఆర్‌ఏ101ఈ, అంటే పరిస్థితి విషమం. జాబులు ఎస్‌878తో (మెమరీ దొరకలేదనే ఎర్రర్‌తో) రాలిపోవడం మొదలైంది. కన్సోల్‌లో ‘డి ఏ,ఎల్’ (నడుస్తున్న జాబుల జాబితా) కొడితే మొదట్లో బదులొచ్చింది, తర్వాత అదీ లేదు. టీఎస్‌ఓలోకి లాగాన్ కాలేం.

బ్రిడ్జి కాల్‌లో బోలెడుమంది. సర్వీస్ మేనేజర్ గారు “ఐపీఎల్ కొట్టేయండి” అన్నారు. నేను స్టాండలోన్ డంప్ తీసి, ఆ తర్వాతే కొట్టాను. దానికి అదనంగా ముప్పావు గంట పట్టింది. తెల్లవారి వెళ్లాల్సిన సెటిల్‌మెంట్ ఫైలు ఆలస్యమైంది, ఎస్‌ఎల్‌ఏ (క్లయింట్‌కిచ్చిన గడువు హామీ) పోయింది. ఇప్పుడు రన్‌బుక్‌లో (ఏం జరిగితే ఏం చేయాలో రాసుకున్న పత్రంలో) కొత్త రూలు పెట్టమంటున్నారు: “మేనేజ్‌మెంట్ రాతపూర్వక అనుమతి లేనిదే స్టాండలోన్ డంప్ తీయరాదు.” రాయనంటున్నాను. మీ షాపుల్లో ఎలా చేస్తారు?

బ్యాచ్‌విండో:
తమ్ముడూ, ముందు మేనేజర్ గారిని విలన్‌ని చేయడం ఆపు. బ్యాంకు మనకు డబ్బులిచ్చేది డంపులు చదివినందుకు కాదు, పొద్దున్నే బ్రాంచీలు తెరుచుకునేసరికి సిస్టమ్ నడుస్తున్నందుకు. నేను ఆపరేషన్స్ నుంచి వచ్చినవాణ్ణి. ఎన్నో స్టాండలోన్ డంపులు తీయడం చూశాను. వాటిలో చాలావాటిని ఎవరూ తెరవలేదు. వెండర్‌కి ఎఫ్‌టీపీలో పంపుతారు, రెండు వారాలకు “తాజా మెయింటెనెన్స్ వేసుకోండి” అని కేసు మూసేస్తారు. అంతోటిదానికి ముప్పావు గంట అవుటేజీనా?

ఇంకోటి, మీది సిస్‌ప్లెక్స్ అంటున్నావు. బిగుసుకుపోయిన సిస్టమ్ లాకులు, రిజర్వులు (డిస్కుల మీద వేసే తాళాలు) పట్టుకుని కూర్చుంటే బాగున్న రెండోది కూడా దాంతో పాటే కుంటుతుంది. నువ్వు డంప్ తీస్తున్నంతసేపూ బాధ ఒక్క ఎల్‌పార్‌ది కాదు.

పాతకాపు_ఎంవీఎస్:
బ్యాచ్‌విండో గారూ, రెండో పాయింటులో మెలిక ఉంది. స్టాండలోన్ డంప్ ప్రోగ్రామ్‌ని లోడ్ చేయడమంటేనే ఆ సిస్టమ్ రీసెట్ అవుతుంది, రిజర్వులు అప్పుడే వదులుతాయి. అవతలి సిస్టమ్‌లో ఐఎక్స్‌సీ102ఏ (ఇది ఆగిపోయిందని ఖాయం చేయమని అడిగే మెసేజ్) వస్తుంది, దానికి ‘డౌన్’ అని రిప్లై ఇస్తే ప్లెక్స్ దీన్ని బయటికి నెట్టేసి తన పని తాను చూసుకుంటుంది. డీబీటూ (డేటాబేస్) పట్టుకున్న రిటెయిన్డ్ లాకుల (పడిపోయినా వదలని లాకుల) కోసం ఆ మెంబర్‌ని రెండో ఎల్‌పార్‌లో ‘రీస్టార్ట్ లైట్’ (లాకులు విడిపించే మేరకు లేపడం) చేస్తే అవీ విడిపోతాయి. ఇదంతా ఒకవైపు డంప్ రాసుకుంటుండగానే చేయొచ్చు. కాబట్టి డంప్ వల్ల ప్లెక్స్ మొత్తం ఆగదు. ఆగిందంటే అక్కడ ఎవరో ఐఎక్స్‌సీ102ఏకి రిప్లై ఇవ్వకుండా బ్రిడ్జి కాల్‌లో కబుర్లు వింటున్నారన్నమాట.

అసలు ఐపీఎల్ కొట్టడంతో సమస్య ఎక్కడ పోయింది? కామన్ స్టోరేజీ (ఆ ఉమ్మడి మెమరీ) ఎవరో తింటున్నారు. ఐపీఎల్ అయ్యాక మళ్లీ సున్నా నుంచి తింటారు. అంతే తేడా.

ఒక ప్రశ్న: ముప్పావు గంట ఎందుకు పట్టింది? నీ డంప్ డేటాసెట్ ఎన్ని వాల్యూమ్‌ల మీద ఉంది?

రాత్రిషిఫ్ట్:
ఒకే వాల్యూమ్ అన్నా. నేను ఈ అకౌంట్‌కి రాకముందు ఎప్పుడో అలొకేట్ చేశారు. అప్పట్లో ఆ ఎల్‌పార్‌కి మెమరీ 64 జీబీ, ఇప్పుడు 512.

పాతకాపు_ఎంవీఎస్:
అదీ సంగతి. దొంగ దొరికాడు.

స్టాండలోన్ డంప్ డేటాసెట్‌ని 32 వాల్యూమ్‌ల దాకా పరచొచ్చు. అన్నిటి మీదా ఒకేసారి రాస్తుంది. వేర్వేరు కంట్రోల్ యూనిట్ల మీద ఉంటే ఇంకా నయం. మెమరీ ఎనిమిదింతలు పెంచి డంప్‌కి దారి మాత్రం పాతదే ఉంచి, చివరికి డంప్ తీసినవాడి మీద పడతారేం? నీ మేనేజర్ అడగాల్సిన రూలు “డంప్ తీయొద్దు” అని కాదు. “మూడు నెలలకోసారి టెస్ట్ ఎల్‌పార్‌లో డంప్ తీసి ఎంతసేపు పట్టిందో రాయండి” అని అడగాలి. అలాగే జెడ్‌ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) వెర్షన్ మారిన ప్రతిసారీ స్టాండలోన్ డంప్ ప్రోగ్రామ్‌ని మళ్లీ జనరేట్ చేయాలి. అప్‌గ్రేడ్ చెక్‌లిస్టులో ఈ లైను లేని షాపులు నాకు తెలుసు.

జేసీఎల్_కుర్రాడు:
అన్నా, చిన్న డౌట్. హెచ్‌ఎంసీలో (మెషీన్‌ని నడిపే హార్డ్‌వేర్ కన్సోల్‌లో) లోడ్ ప్యానెల్‌లో నార్మల్, క్లియర్ అని రెండున్నాయి కదా. డంప్‌కి ఏది నొక్కాలి?

పాతకాపు_ఎంవీఎస్:
నార్మల్. క్లియర్ నొక్కావంటే మెమరీ అంతా సున్నాలైపోతుంది. ఆ తర్వాత డంప్ చక్కగా పూర్తవుతుంది, తెరిచి చూస్తే లోపల ఏమీ ఉండదు. ఈ ఒక్క మాటా పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి హెచ్‌ఎంసీ పక్కన అతికించుకో.

డంప్‌రీడర్:
నేను చాన్నాళ్లు వెండర్ సపోర్ట్‌లో లెవెల్ టూలో పనిచేశాను, బెంగళూరులో. అవతలివైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. బ్యాచ్‌విండో గారి అనుభవం నిజమే, చాలా డంపులు వృథాగా వస్తాయి. కానీ అవి వృథా అయ్యేది డంప్ పనికిరానిది కావడం వల్ల కాదు. ఈ జబ్బుకు ఏ పరీక్ష చేయాలో తెలియక అన్నిటికీ ఒకే పరీక్ష రాసేస్తారు.

మీ కేసు కామన్ స్టోరేజీ లీక్. ఎస్‌క్యూఏ నిండితే సిస్టమ్ సీఎస్‌ఏ (ఉమ్మడి మెమరీలో ఇంకో భాగం) నుంచి అరువు తెచ్చుకుంటుంది. ఆ సీఎస్‌ఏ కూడా అయిపోతేనే ఐఆర్‌ఏ100ఈ దాకా వస్తుంది. ఇది ఒక్క క్షణంలో వచ్చేది కాదు. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి పాకుతుంది. కాబట్టి రాత్రిషిఫ్ట్ గారూ, అసలు చర్చ స్టాండలోన్ డంపా ఐపీఎలా అన్నది కాదు. సిస్టమ్ ఇంకా మాట వింటున్నప్పుడే ఎస్‌వీసీ డంప్ (సిస్టమ్ నడుస్తుండగానే తీసే డంప్) ఎందుకు తీయలేదన్నది.

డయాగ్ మెంబర్‌లో (సిస్టమ్ సెట్టింగుల ఫైల్లో) వీఎస్‌ఎం ట్రాక్ (ఉమ్మడి మెమరీ ఎవరు తీసుకున్నారో రాసిపెట్టేది) సీఎస్‌ఏకీ ఎస్‌క్యూఏకీ ఆన్‌లో ఉండాలి. ఉంటే ఆర్‌ఎంఎఫ్ (పనితీరు చూపే టూల్) మానిటర్ త్రీలో ఎస్‌టీఓఆర్‌సీఆర్ ప్యానెల్ తెరవండి. జాబు అయిపోయి వెళ్లిపోయినా కామన్ స్టోరేజీ వదలని వాళ్ల జాబితా అక్కడ వస్తుంది. డంపులో అయితే ఐపీసీఎస్ (డంప్ చదివే టూల్) తెరిచి ‘వెర్బ్‌ఎక్స్ వీఎస్‌ఎండేటా’ని ‘ఓన్‌కామ్’ ఆప్షన్‌తో నడపండి. ఏ ఏఎస్‌ఐడీ (అడ్రస్ స్పేస్ నంబరు), ఏ జాబు, ఎంత పొడవు బ్లాకు, ఎప్పుడు తీసుకుంది, గెట్‌మెయిన్ (మెమరీ అడగడం) చేసిన చోటి రిటర్న్ అడ్రస్ ఏది, అన్నీ వరుసగా వస్తాయి. ఒకే పొడవు, ఒకే రిటర్న్ అడ్రస్ ఉన్న లైన్లు పేజీల కొద్దీ కనిపిస్తే అదే. ఆ అడ్రస్ మీద ‘వేర్’ కొట్టండి, మాడ్యూల్ పేరు చెబుతుంది. బ్లాకు మొదటి బైట్లు చూడండి, చాలామంది ప్రోగ్రామర్లు అక్కడ తమ కంట్రోల్ బ్లాకు పేరు రాసి ఉంచుతారు. దీనికి సపోర్ట్ వాళ్లతో పనే లేదు, మీరే చదవొచ్చు.

బ్యాచ్‌విండో:
మేడమ్, ఇది నచ్చింది. కానీ ఎస్‌వీసీ డంప్ ఏమీ ఉచితం కాదు. గ్లోబల్ స్టోరేజీ పట్టుకునే ఆ కాసేపు సిస్టమ్‌లో మిగతా పనులన్నీ నిలబడిపోతాయి. పగలు సీఐసీఎస్ (ఆన్‌లైన్ లావాదేవీలు నడిపేది) మీద లోడున్నప్పుడు తీస్తే టైమవుట్లే టైమవుట్లు. పైగా మాక్స్‌స్పేస్ (డంప్ పట్టుకునే మెమరీకి పరిమితి) డిఫాల్ట్ 500 ఎంబీ మీదే వదిలేసిన షాపుల్లో వచ్చేది సగం డంప్. మళ్లీ మీ సపోర్ట్ వాళ్లే “పార్షియల్ డంప్, ఇంకోటి పంపండి” అంటారు.

డంప్‌రీడర్:
అంటాం. మాక్స్‌స్పేస్ పెంచుకోకపోతే ఇంకేమంటాం మరి? ‘చేంజ్‌డంప్’ కమాండ్ ఒక్కటి చాలు, పెంచినంత మేర ఆగ్జిలరీ స్టోరేజీ (పేజింగ్ డిస్కు) ఉందో లేదో చూసుకుంటే చాలు. ఆ కొన్ని క్షణాల ఆగుడుకి భయపడి ఆదివారం రాత్రి గంటసేపు ఆగడం మీకు లాభసాటిగా అనిపిస్తే సరే.

కన్సోల్‌కాకా:
ఒక మాట నేనూ వేస్తాను. కన్సోల్ పలకనంత మాత్రాన సిస్టమ్ చచ్చినట్టు కాదు. ముందు ఆ తేడా తేల్చుకోవాలి. రెండో సిస్టమ్ నుంచి ‘రూట్’తో కమాండ్ పంపి చూడండి. అక్కడ ‘డి జీఆర్‌ఎస్,అనలైజ్,బ్లాకర్’ కొడితే ఎవరి ఎన్‌క్యూ (ఫైళ్ల లాంటి వాటి మీద తాళం) మీద ఎవరు వేలాడుతున్నారో తెలుస్తుంది. చాలాసార్లు “హ్యాంగ్” అన్నది ఒకే ఒక్క అడ్రస్ స్పేస్, దాన్ని క్యాన్సిల్ చేస్తే తీరిపోతుంది. ‘ఎఫ్ హెచ్‌జెడ్‌ఆర్,అనలైజ్’ అని రన్‌టైమ్ డయాగ్నస్టిక్స్ ఉంది, వాడేవాళ్లు తక్కువ. అది సీపీయూ తినేవాళ్లనీ లూపుల్నీ ఎన్‌క్యూ గొడవల్నీ ఒకచోట చూపిస్తుంది.

ఒక సీపీ (ప్రాసెసర్) లూపులో పడిందనుకుంటే హెచ్‌ఎంసీ నుంచి పీఎస్‌డబ్ల్యూ రీస్టార్ట్ కూడా ఉంది. ఐఈఏ500ఏ మెసేజ్ వస్తుంది, ‘అబెండ్’ అని రిప్లై ఇస్తే తిరుగుతున్న పని 071 ఎర్రర్‌తో పడిపోతుంది, సిస్టమ్ బతుకుతుంది. మీ కేసులో ఇది పనికిరాదనుకోండి, మీది లూపు కాదు. కానీ ఐపీఎల్ అనే మాట నోటికి రాకముందే ఇన్ని మెట్లున్నాయి.

జేసీఎల్_కుర్రాడు:
ఆటోఐపీఎల్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా? డంప్ అదే తీసి ఐపీఎల్ కూడా అదే చేస్తుంది.

డంప్‌రీడర్:
మంచిదే, పెట్టుకోండి. డయాగ్ మెంబర్‌లో రెండు ముక్కలు రాస్తే చాలు. కాకపోతే అది తనంతట తాను కదిలేది సిస్టమ్ కొన్ని వెయిట్ స్టేట్‌లలోకి (పూర్తిగా ఆగిపోయిన స్థితుల్లోకి) వెళ్లినప్పుడే. వీళ్లది వెయిట్ స్టేట్‌లోకి వెళ్లలేదు, కొన ఊపిరితో వేలాడింది. అలాంటప్పుడు ఎవరో ఒక మనిషి నిర్ణయం తీసుకోవాల్సిందే.

రాత్రిషిఫ్ట్:
డంప్‌రీడర్ గారూ, మీరు చెప్పినట్టు నిన్న ఆ డంప్‌ని ఐపీసీఎస్‌లో తెరిచాను. ఓన్‌కామ్ రిపోర్టులో ఎక్కువ భాగం ఒకే పేరు, ఓనర్ వెళ్లిపోయాడని చూపిస్తోంది. అది ఒక మానిటరింగ్ ప్రొడక్ట్ తాలూకు స్టార్టెడ్ టాస్క్. రోజూ బ్యాచ్‌కి ముందు దాన్ని ఆపి, బ్యాచ్ అయ్యాక లేపుతాం. ఆపిన ప్రతిసారీ తన బ్లాకులు ఈసీఎస్‌ఏలో (సీఎస్‌ఏలోనే ఒక భాగంలో) వదిలేసి పోతోంది. వేర్ కొడితే మాడ్యూల్ పేరు కూడా వాళ్లదే. వెండర్ సైట్‌లో ఆ పేరుతో వెతికితే దీనికి పీటీఎఫ్ (వెండర్ ఇచ్చే ఫిక్స్) వచ్చి చాలాకాలమైంది. మా సిస్టమ్‌లో అప్లై కాలేదు.

బ్యాచ్‌విండో:
చూశారా! అదే నేననేది. మెయింటెనెన్స్ వేళకు వేసుకుని ఉంటే డంపే అక్కర్లేదు. నా మాటే నిజమైంది.

పాతకాపు_ఎంవీఎస్:
ఏ పీటీఎఫ్ వేయాలో ఎవరు చెప్పారు మహానుభావా? ఆ డంపే కదా! డంప్ లేకుండా ఆ రాత్రి ఐపీఎల్ కొట్టి ఉంటే ఆర్‌సీఏలో (మూలకారణం రిపోర్టులో) “ఎస్‌క్యూఏ షార్టేజీ, ఐపీఎల్‌తో సరైంది, పరిశీలనలో ఉంది” అని రాసుకునేవాళ్లం. ఆ వాక్యం ఎన్ని ఆర్‌సీఏల్లో చూడలేదు నేను! ఎస్‌ఎంపీఈలో (పీటీఎఫ్‌లు వేసే టూల్‌లో) అప్లై చెక్ కొడితే వందల్లో వస్తాయి పీటీఎఫ్‌లు. వాటిలో మీ సిస్టమ్‌ని పడగొట్టేది ఏదని జాతకం చూసి చెబుతారా?

బ్యాచ్‌విండో:
సరే, ఈ కేసులో డంప్ పనికొచ్చింది, ఒప్పుకుంటాను. అలాగని అన్నిటికీ అదే మంత్రమంటే ఒప్పుకోను. అర్ధరాత్రి చేతిలో సమయం ఉంది కాబట్టి తీశాడు. అదే నెలాఖరు జీతాల రోజు పొద్దున పదకొండింటికి అయితే? అప్పుడు కూడా పూర్తి డంప్ అయ్యేదాకా కూర్చుంటారా?

డంప్‌రీడర్:
కూర్చోనక్కర్లేదు. స్టాండలోన్ డంప్ ముఖ్యమైన స్టోరేజీని ముందు రాసుకుంటుంది, మిగతాది తర్వాత. మధ్యలో హెచ్‌ఎంసీ నుంచి ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్ ఇస్తే అప్పటిదాకా రాసిందాన్ని పద్ధతిగా మూసి ఆగుతుంది. సగంలో ఆపిన డంపులతో తేల్చిన కేసులు నా చేతుల మీదుగానే చాలా వెళ్లాయి. కాబట్టి జీతాల రోజున పది నిమిషాలు ఇవ్వండి, అర్ధరాత్రయితే మొత్తం ఇవ్వండి. కానీ సున్నా మాత్రం ఇవ్వకండి.

ర్యాక్‌ఎఫ్_రాజు:
అందరూ డంప్ పంపడం గురించి మాట్లాడుతున్నారు, అందులో ఏముందో ఎవరూ అడగట్లేదు. బ్యాంకు ఎల్‌పార్ మెమరీ అంటే కార్డు నంబర్లు, ఖాతాలు, అన్నీ. అది దేశం దాటి వెండర్ సర్వర్‌కి పోతోంది. 2019లో జెడ్‌15 మెషీన్‌తో వచ్చిన డేటా ప్రైవసీ ఫర్ డయాగ్నస్టిక్స్ వాడితే సున్నితమైన పేజీలు తీసేసిన కాపీ తయారవుతుంది. కాకపోతే ఏది సున్నితమో ముందే ట్యాగ్ చేసి ఉండాలి. లేదంటే రాత్రిషిఫ్ట్ తమ్ముడు చేసినట్టు మీరే చదువుకుని మాడ్యూల్ పేరు ఒక్కటే పంపండి.

రాత్రిషిఫ్ట్:
అందరికీ థ్యాంక్స్. రన్‌బుక్‌కి ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి.

“ఐఆర్‌ఏ100ఈ కనిపించిన వెంటనే, ఎవరి అనుమతీ అడక్కుండా, షిఫ్ట్‌లో ఉన్న సిస్‌ప్రోగ్ (సిస్టమ్ ప్రోగ్రామర్) సీఎస్‌ఏ, ఎస్‌క్యూఏతో ఎస్‌వీసీ డంప్ తీయాలి. సిస్టమ్ ఏ కన్సోల్ నుంచీ పలకకపోతే రెండో సిస్టమ్ నుంచి ప్రయత్నించాలి. అదీ కాకపోతే స్టాండలోన్ డంప్. పగటి వేళల్లో పదిహేను నిమిషాలు దాటితే ఇంటరప్ట్ ఇచ్చి ఆపి ఐపీఎల్ చేయాలి. పగలైనా రాత్రైనా, ఆపాలా వద్దా అన్నది సర్వీస్ మేనేజర్ నిర్ణయం. తీయాలా వద్దా అన్నది సిస్‌ప్రోగ్ నిర్ణయం.”

డంప్ డేటాసెట్‌కి కొత్తగా పదహారు వాల్యూమ్‌లు అడిగాను. స్టోరేజీ టీమ్ ఎనిమిదిస్తామంటోంది.

బ్యాచ్‌విండో:
పదిహేను కాదు, పది. మిగతాదంతా ఓకే.

పాతకాపు_ఎంవీఎస్:
ఎనిమిదైనా తీసుకో, ముందు టెస్ట్ ఎల్‌పార్‌లో ఒకసారి తీసి టైమ్ చూడు, పదో పదిహేనో అప్పుడు తేలుతుంది. ఇంకో లైను కలుపు: ఐఎక్స్‌సీ102ఏకి ‘డౌన్’ అని రిప్లై ఇచ్చేది ఎవరో పేరుతో రాయి. డంప్ ప్రోగ్రామ్ లోడై సిస్టమ్ రీసెట్ అయిందని హెచ్‌ఎంసీ ముందున్నవాడు చెప్పాకే రిప్లై ఇవ్వాలని కూడా రాయి. రీసెట్ కాకముందే ఆ రిప్లై వెళ్తే రెండు సిస్టమ్‌లూ ఒకే డిస్కు మీద రాస్తాయి. అప్పుడు చదవడానికి డంప్ ఉంటుంది గానీ డేటా ఉండదు.