‘వైట్ క్రిస్మస్’ పాటకు వార్షికోత్సవం ఏ తేదీన లెక్కించాలి?

ప్రశ్న (పాతపాటల పెట్టె)

మిత్రులందరికీ నమస్కారం. మా బృందం వెలువరించే చిన్న మాసపత్రికలో పాత పాటల వార్షికోత్సవాల శీర్షిక నేను చూస్తున్నాను. డిసెంబరు సంచికకు అమెరికా గాయకుడు బింగ్ క్రాస్బీ పాడిన ‘వైట్ క్రిస్మస్’ గురించి రాయడానికి పూనుకున్నాను గాని, ఆ పాటకు ఎన్నేళ్లు నిండాయో చెప్పవలసిన మొదటి వాక్యం దగ్గరే పని ఆగిపోయింది. కొందరు 1941 డిసెంబరు 25 అంటారు, ఆనాడు క్రాస్బీ దానిని రేడియోలో పాడాడు కనుక. కొందరు 1942 మే 29 అంటారు, డెక్కా కంపెనీ వారికి రికార్డు ఇచ్చిన రోజు అదే కనుక. సినిమా వైపు నుంచి చూసేవారు ఈ పాట ఉన్న ‘హాలిడే ఇన్’ విడుదలైన 1942 ఆగస్టును పట్టుకుంటారు.

మన సినిమా పాటల విషయంలో ఈ చిక్కు అంతగా ఎదురుకాదు. సినిమా విడుదల తేదీనే పాటకూ తేదీగా రాసుకోవడం మనకు అలవాటు. కానీ 1940లలో అమెరికాలో ఈ పాటకు సంబంధించిన సినిమా, రేడియో, గ్రామఫోను వేర్వేరు సంస్థల చేతుల్లో ఉండేవి. అందువల్ల ఒకే పాట ముగ్గురి దగ్గరా మూడు వేర్వేరు రూపాలలో, మూడు వేర్వేరు తేదీలలో బయటికి వచ్చింది. వీటిలో దేనిని ప్రధానంగా తీసుకోవాలో, ఎందుకో తెలిసినవారు చెప్పగలరా? ఈ రోజు మనం వినే క్రాస్బీ గొంతు ఆ 1942 నాటిదేనా అన్న సందేహం కూడా ఉంది.

జవాబు 1 (రేడియో శ్రోత)

నా మట్టుకు 1941 డిసెంబరు 25 తేదీయే సరైనది. పాట రాసిన తేదీని వెతకడం మాత్రం వృథా ప్రయాస. దీన్ని రాసి బాణీ కట్టిన ఇర్వింగ్ బెర్లిన్‌కు స్వరలిపి రాయడం రాదు. ఆయన పియానో మీద ప్రధానంగా నల్ల మెట్లనే వాయించేవాడు. స్థాయిని మార్చే మీట అమర్చిన ప్రత్యేకమైన పియానో ఒకటి ఆయన దగ్గర ఉండేది. బాణీ మనసులో కట్టుకుని సహాయకుడు హెల్మీ క్రెసాకు పాడి వినిపిస్తే అతడు కాగితం మీద పెట్టేవాడు. ఇక ఈ పాటను ఎక్కడ రాశాడన్న విషయంలో కాలిఫోర్నియాలోని లా క్వింటా హోటలు ఒకవైపు, అరిజోనా బిల్ట్‌మోర్ హోటలు మరోవైపు ఆ ఘనత తమదేనని ఇప్పటికీ చెప్పుకుంటున్నాయి. అటువంటప్పుడు రచన జరిగిన రోజును వార్షికోత్సవానికి ఆధారంగా తీసుకోవడం కుదరదు.

రేడియో ప్రసారానికి అటువంటి అనిశ్చితి లేదు. ఎన్‌బీసీ రేడియో సంస్థలో ప్రతి గురువారం వచ్చే ‘క్రాఫ్ట్ మ్యూజిక్ హాల్’ కార్యక్రమానికి క్రాస్బీయే నిర్వాహకుడు. ఆ ఏడాది క్రిస్మస్ గురువారం నాడే వచ్చింది. అంతకు 18 రోజుల ముందు, డిసెంబరు 7న, పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరిగింది. కొడుకులను సైన్యానికి పంపుతున్నవారు, పంపవలసి వస్తుందని తెలిసినవారు ఆ రాత్రి రేడియో ముందు కూర్చుని ఉన్నారు. సినిమాకు ఇంకా చిత్రీకరణ సాగుతూనే ఉంది, రికార్డు అసలు లేదు. పాటను జనం మొట్టమొదట విన్నది ఈ విధంగానే అయినప్పుడు మరో తేదీకి ప్రాధాన్యం ఇవ్వడానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఈ పాటలో నన్ను ఎప్పుడూ కదిలించే విషయం ఒకటి ఉంది. బెర్లిన్ రాసిన మూలంలో ముందుగా ఒక ప్రవేశ చరణం ఉంటుంది. అందులో పాడేవాడు బెవర్లీ హిల్స్ ఎండలో, నారింజ చెట్ల మధ్య నిలబడి ఉత్తరాదిలో కురిసే మంచును తలచుకుంటాడు. క్రాస్బీ రికార్డులో ఆ చరణం లేదు. అది తొలగిపోయాక పాడేవాడు ఎక్కడ ఉన్నాడో పాటలో ఎక్కడా చెప్పలేదు గనుక, ఉత్తర ఆఫ్రికా ఇసుకలో ఉన్న సైనికుడైనా, పసిఫిక్ దీవిలో ఉన్న నావికుడైనా తన మాటే పాడుతున్నట్టు అనుకోగలిగాడు. రష్యా సామ్రాజ్యంలో యూదు కుటుంబంలో పుట్టి, అయిదేళ్ల వయసులో అమెరికాకు వచ్చిన బెర్లిన్‌కు క్రిస్మస్ మతపరమైన పండుగ కాదు. పైగా 1928లో అదే డిసెంబరు 25న ఆయన పసికందు కన్నుమూశాడు. పాటలోని దిగులుకు ఇదే కారణమని నేను అనను గాని, ఆ తేదీ ఆయనకు ఏమిటో తెలిశాక పాట వినే తీరు మారుతుంది.

జవాబు 2 (గాడి-సూది)

రేడియో శ్రోత గారి వాదన బాగుంది గాని, నేను 1942 మే 29 పక్షాన ఉంటాను. ఒక్క రాత్రి ప్రసారం విన్నవారితో ఆగిపోతే ఈ పాటకు వార్షికోత్సవం చేసుకోవలసిన అవసరమే వచ్చేది కాదు. ఇళ్లలోనూ హోటళ్లలోని జ్యూక్‌బాక్సులలోనూ (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టెలు) శిబిరాలలోనూ నిలిచింది రికార్డే.

ఆ రోజు లాస్ ఏంజిలిస్‌లోని డెక్కా స్టూడియోలో జాన్ స్కాట్ ట్రాటర్ వాద్యబృందం, కెన్ డార్బీ బృందగాయకులు తోడుగా క్రాస్బీ ఈ పాటను ఇచ్చాడు. మొత్తం పని 18 నిమిషాలలో ముగిసిందని అంటారు. సంగీత చరిత్ర దృష్టితో ఆ తేదీ విలువ తెలియాలంటే అటూ ఇటూ ఏమి జరుగుతున్నదో చూడాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే యుద్ధోత్పత్తి మండలి, రికార్డులకు వాడే లక్కను 70 శాతం తగ్గించాలని ఆజ్ఞ ఇచ్చింది. ఆ లక్క ప్రధానంగా మన దేశం నుంచి, కలకత్తా రేవు మీదుగా వెళ్లేది. యుద్ధం వల్ల ఓడలు రావడం కష్టమైంది. కంపెనీలు పాత రికార్డులను తిరిగి కొని, కరిగించి కొత్తవి పోసుకున్నాయి. అంటే ‘వైట్ క్రిస్మస్’ తొలి ప్రతులు మన లక్కకు కరవు వచ్చిన కాలంలో తయారయ్యాయి.

ఆ తరువాత ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీతకారుల సంఘం అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో పిలుపు మేరకు వాద్యకారులు రికార్డింగులు పూర్తిగా మానేశారు. జ్యూక్‌బాక్సులు, రేడియో స్టేషన్లు రికార్డులు వేసి సజీవ వాద్యబృందాల పొట్ట కొడుతున్నాయని, అమ్మిన ప్రతి రికార్డు మీద సంఘానికి రుసుము రావాలని వారి కోరిక. డెక్కా 1943 సెప్టెంబరులో ఒప్పుకుంది. ఆర్‌సీఏ విక్టర్, కొలంబియా రికార్డు కంపెనీలు 1944 నవంబరు దాకా పట్టుబట్టాయి. ఆ నిషేధంలో గాయకులు వాద్యాలు లేకుండా, బృందగాయకుల గొంతులనే తోడు చేసుకుని పాడవలసి వచ్చింది. క్రాస్బీ పాట ఇవ్వడం మరో తొమ్మిది వారాలకు మించి ఆలస్యమై ఉంటే, ఆ ఏటి క్రిస్మస్‌కు ట్రాటర్ వాద్యబృందంతో కూడిన ఈ రికార్డు ఉండేది కాదు.

జూలై చివరలో డెక్కా దీనిని ‘హాలిడే ఇన్’ పాటల ఆల్బంలో భాగంగా విడుదల చేసింది. ఆల్బం అంటే ఆ రోజుల్లో నిమిషానికి 78 చుట్లు తిరిగే పలకలను అట్ట సంచులలో పెట్టి పుస్తకంలా కుట్టినది. మొదట్లో జనం ఆదరించింది అదే సినిమాలోని మరో ప్రేమగీతాన్ని. అక్టోబరు చివరికి గాని ‘వైట్ క్రిస్మస్’ బిల్‌బోర్డు పత్రిక వేసే అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి రాలేదు. వచ్చాక మాత్రం 11 వారాలు కదలలేదు. నల్లజాతి శ్రోతల కొనుగోళ్లను లెక్కించే హార్లెం పట్టికలోనూ అది మొదటి స్థానంలో నిలిచిందన్న సంగతిని వ్యాసాలు సాధారణంగా వదిలేస్తాయి. మీరు వదలకండి.

జవాబు 3 (చిత్రశాల)

సినిమా వైపు మాట ఒకటి చెప్పి తప్పుకుంటాను. మార్క్ సాండ్రిచ్ దర్శకత్వంలో క్రాస్బీ, ఫ్రెడ్ అస్టేర్ నటించిన ‘హాలిడే ఇన్’ 1942 ఆగస్టు 4న న్యూయార్క్‌లోని పారామౌంట్ థియేటరులో తొలి ప్రదర్శనకు వచ్చింది. కథానాయిక మార్జొరీ రేనాల్డ్స్‌కు గొంతు ఇచ్చింది మార్తా మియర్స్. 1943 మార్చి 4న జరిగిన ఆస్కార్ సభలో ఈ పాటకు బహుమతి వచ్చింది. దానిని ప్రకటించవలసిన వ్యక్తి బెర్లిన్ కావడంతో కవరు తెరిచి తన పేరు తానే చదివాడు.

1954లో పాట పేరునే సినిమా పేరుగా పెట్టి మైకేల్ కర్టిజ్ దర్శకత్వంలో మరో చిత్రం వచ్చింది. పారామౌంట్ వారి విస్టావిజన్ అనే వెడల్పు తెర పద్ధతిలో తీసిన మొదటి సినిమా అది. అక్టోబరు 14న రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో విడుదలైంది. పాఠకులు చాలామంది ఈ రెండు సినిమాలను ఒకటిగా పొరబడతారు కనుక మీ వ్యాసంలో వేరుచేసి చెప్పండి. తెర మీద పాడిన రోజ్‌మేరీ క్లూనీకి కొలంబియాతో ఒప్పందం ఉండటం వల్ల డెక్కా ఆల్బంలో ఆమె స్థానంలో పెగ్గీ లీ పాడవలసి వచ్చింది. అందువల్ల ఆ చిత్రానికి తెర మీద పాడినవారి గొంతులన్నీ కలిసిన ఆల్బం ఆనాడు రానే లేదు.

జవాబు 4 (గ్రామఫోను మరమ్మతు)

మీ రెండో సందేహానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు, అసలు ముఖ్యమైనది అదే. ఈనాడు దుకాణాలలోనూ రేడియోలోనూ ఫోనులోనూ మనకు సాధారణంగా వినిపించే క్రాస్బీ గొంతు 1942 నాటిది కాదు, 1947 మార్చి 19 నాటిది.

ఆ కాలపు పద్ధతిలో మైనపు పలక మీద గాడి కోసి, దాని మీద లోహపు పూత ఎక్కించి అచ్చు తీసేవారు. ఆ అచ్చు నుంచి మరొకటి, దాని నుంచి ఒత్తే అచ్చులు తీసి, వేడి చేసిన లక్క మిశ్రమం మీద నొక్కేవారు. ఒత్తే అచ్చు అరిగితే కొత్తది తీయవచ్చు గాని, తీసిన కొద్దీ పై అచ్చుకు కూడా దెబ్బ తగులుతుంది. ప్రతి ఏడాదీ క్రిస్మస్‌కు ఇదే పాటను లక్షల ప్రతులుగా ఒత్తి ఒత్తి అయిదేళ్లలో మూలపు అచ్చు పనికిరాకుండా పోయింది. దాంతో డెక్కా అదే గాయకుడిని, అదే ట్రాటర్ బృందాన్ని, అదే డార్బీ గాయకులను మళ్లీ కూర్చోబెట్టి, పాతదానికి వీలైనంత దగ్గరగా ఉండేలా కొత్త రికార్డు చేయించింది. శ్రద్ధగా వింటే తేడా తెలుస్తుంది. 1947 రికార్డు ఆరంభంలో వేణువులు, చెలెస్టా అనే చిన్న గంటల వాద్యం వెలుగునిస్తాయి. 1942 రికార్డు అంతకంటే నిరాడంబరంగా మొదలవుతుంది. నాకు ఆ పాతదే ఇష్టం, అందులో క్రాస్బీ ఎవరికో వినిపించాలన్న తొందర లేకుండా పాడతాడు.

అదే 1947 అక్టోబరు 1 తేదీని కూడా క్రాస్బీ గురించి రాసేవారు గుర్తుంచుకోవాలి. ఎన్‌బీసీ అతణ్ణి ముందుగా రికార్డు చేసిన కార్యక్రమాలు ఇవ్వనివ్వలేదు. తూర్పు తీరానికీ పడమటి తీరానికీ కాలభేదం ఉండటం వల్ల ఒకే కార్యక్రమాన్ని రెండుసార్లు సజీవంగా చేయవలసి వచ్చేది. అతడు ఆ సంస్థను వదిలి మరో రేడియో సంస్థ ఏబీసీకి వెళ్లి, 1946 అక్టోబరు నుంచి ఫిల్కో కంపెనీ పేరిట పెద్ద పలకల మీద ముద్రించిన కార్యక్రమం మొదలుపెట్టాడు. పలక నుంచి పలకకు ఎక్కించేసరికి శబ్దం చెడింది, శ్రోతలు తగ్గారు. యుద్ధం ముగిశాక జాక్ మల్లిన్ అనే అమెరికా ఇంజనీరు జర్మనీ నుంచి విడిభాగాలుగా తెచ్చిన రెండు మాగ్నెటోఫోను (అయస్కాంత టేపు మీద శబ్దం రికార్డు చేసే) యంత్రాలు ఆ సమస్య తీర్చాయి. వాటి మీద రికార్డు చేసిన మొదటి కార్యక్రమం అక్టోబరు 1న ప్రసారమైంది. ఆంపెక్స్ సంస్థ అటువంటి యంత్రాలు అమెరికాలో తయారుచేయడానికి క్రాస్బీ 50,000 డాలర్లు ఇచ్చాడు. అచ్చులు అరిగిపోయి తన పాటను తానే మళ్లీ పాడిన ఏడాదిలోనే ఆయన టేపును రేడియోకు తెచ్చాడు. 2027లో ఈ రెండింటికీ 80 ఏళ్లు నిండుతాయి. మీ శీర్షికకు ఇంతకంటే మంచి సందర్భం నాకు కనిపించడం లేదు.

ప్రశ్న అడిగినవారు (పాతపాటల పెట్టె)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. డిసెంబరు సంచికలో రేడియో తేదీనే ప్రధానంగా పెట్టి, ‘తొలి ప్రసారానికి ఇన్నేళ్లు’ అని స్పష్టంగా రాస్తాను. మే 29ని రికార్డుకు వేరుగా ఉంచి, ఆ నెల సంచికలో లక్క కరవు, పెట్రిల్లో నిషేధం గురించి రాస్తాను. పాటతో పాటు పాఠకులకు ఇచ్చే లంకెలో 1942 రికార్డునే పెట్టి, 1947 నాటిది విడిగా చూపిస్తాను. చివరిగా ఒక్కటి అడగాలి. 5 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయన్న అంకెను నమ్మవచ్చునా?

జవాబు 5 (గాడి-సూది)

గిన్నిస్ వారు ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన సింగిల్‌గా దీనిని పేర్కొంటూ ఇచ్చిన అంకె అది. వారు కూడా అంచనాగానే ఇచ్చారు. అమెరికాలో రికార్డు కంపెనీల సంఘం అమ్మకాలను తనిఖీ చేసి బంగారు పలకలు ఇవ్వడం 1958లో మొదలైంది. అంతకుముందు 16 ఏళ్ల అమ్మకాలకు బయటివారు తనిఖీ చేసిన లెక్క లేదు. అదీగాక ఆ మొత్తంలో 1942 పలక ప్రతులెన్నో, 1947 పలక ప్రతులెన్నో విడదీయడం సాధ్యం కాదు. కనుక అంకెను తప్పక వేయండి, దాని పక్కన ‘అంచనా’ అన్న మాటను మాత్రం విడిచిపెట్టకండి. బిల్‌బోర్డు పట్టికలోని 11 వారాల సంగతిని నిస్సంకోచంగా రాయవచ్చు, ఎందుకంటే ఆ పత్రిక దుకాణాల అమ్మకాల ఆధారంగా 1940 జూలై నుంచే వారం వారం జాబితా అచ్చు వేస్తూ వచ్చింది.